త్రాసు కింద రాయి

టోమాష్ వ్రాబెల్‌ని జడ్జి ముందు నిలబెట్టడానికి ఇంకా రెండు గంటల యాభై నిమిషాలుంది.

ఒడీల్ పెరషోన్ గోడ గడియారం చూసింది. ఒంటిగంటా పది. నాలుగింటికి కస్టడీ గడువు ముగుస్తుంది. ఆలోగా కొత్తది ఏదీ దొరక్కపోతే సొలాంజ్ వ్యుయెర్మోని చంపిన నేరం మీద అతన్ని జైలుకి పంపుతారు. ఊరు కాని ఊరు, దేశం కాని దేశం. విచారణ మొదలయ్యేసరికి రెండేళ్లు పట్టినా గ్రెనోబుల్‌లో అతని తరఫున అడిగేవాళ్లుండరు.

కేసు ఆమెది కాదు. భర్త పోయి ఆమె ఐదు వారాలు సెలవు పెడితే, ఆ కుర్చీలో కూర్చున్న కెప్టెన్ తిబో రవనెల్‌ది. ప్రాసిక్యూటర్ జిరోదే మాత్రం పొద్దున్నే ఫోన్ చేసి, "ఫైలు మరీ నున్నగా ఉంది ఒడీల్. ఒకసారి నువ్వూ చెయ్యి పెట్టి చూడు," అంది. సరేనంది ఒడీల్. ఈమధ్య ఎవరేం అడిగినా సరేననే అంటోంది. కాదనడానికి కావలసినంత కూడా లోపల ఏమీ మిగల్లేదు.

"మంగళవారం సాయంత్రం ఆరు యాభై రెండుకి మీ కార్డు పెడితే మీ పరిశోధన సంస్థ భవనం తలుపు తెరుచుకుంది. ఆరు యాభై తొమ్మిదికి బయటికి వచ్చారు," అంది. "ఆ ఏడు నిమిషాలూ చెప్పండి."

'మీరు' అన్న మాటకి టోమాష్ తలెత్తాడు. రెండు రోజులుగా ఆ గదిలో అతన్ని ఎవరూ 'మీరు' అనలేదు. ముప్పై ఒక్క ఏళ్లుంటాయి. గడ్డం మాసి ఉంది. బెల్టు, బూట్ల తాళ్లు తీసేసుకున్నారు.

"కెప్టెన్ గారికి పదకొండుసార్లు చెప్పాను."

"నాకు ఒక్కసారి చాలు."

"నవంబరు ముప్పైతో నా ఉద్యోగం అయిపోతుంది మేడమ్. ఆరేళ్లు కొలిచాం. జవాబు తేల్చే కవరు జనవరిలో తెరుస్తారట. అప్పటికి నేను మా ఊరు కొషిత్సలో మా నాన్న టైర్ల షాపులో ఉంటాను. నేనుండగా తెరవమని సొలాంజ్ గారిని అడిగాను. వద్దన్నారు. అరిచాను. అవును, సోమవారం, భోజనాల హాల్లో, అందరి ముందూ."

"మంగళవారం మళ్లీ అరవడానికి వెళ్లారా?"

"క్షమాపణ చెప్పడానికి వెళ్లాను. తలుపు గడియ వేసి ఉంది. కింద సందులోంచి వెలుతురు. లోపల కొళాయి చప్పుడు."

"గదిలో కొళాయేమిటి?"

"మాకు ప్రతి నల్లబోర్డు పక్కనా చిన్న సింకు ఉంటుంది, స్పాంజి తడుపుకోవడానికి. నేను తట్టగానే నీళ్లు ఆగిపోయాయి. ఎవరో దగ్గారు. సొలాంజ్ గారి దగ్గు కాదది. మళ్లీ వింటే గుర్తుపడతాను. అక్కడే నిలబడి ఆవిడకి మెసేజ్ పెట్టాను. జవాబు లేదు. వెళ్లిపోయాను."

గుమ్మానికి ఆనుకుని హామ్ సాండ్‌విచ్ తింటున్న రవనెల్ నవ్వాడు. "మెసేజ్ ఫైల్లోనే ఉంది. 'లోపలే ఉన్నారని తెలుసు. నీళ్ల చప్పుడు వినిపించింది. తలుపు తీయండి, మీతో మాట్లాడాలి.' ఆరు యాభై నాలుగు. ఆడమనిషి వెంటపడి వేధించేవాడు ఇంకెలా రాస్తాడు?"

"ఆవిడకి డెబ్బై ఒక్క ఏళ్లు," అన్నాడు టోమాష్.

"నోర్ముయ్. నిన్నడగలేదు."

ఒడీల్ లేచింది. "తిబో, ఆవిడ గది చూస్తాను. నువ్వూ రా."

"నేను చూశాను కదా! నాలుగు గంటలు చూశాను." రవనెల్ మూతి తుడుచుకున్నాడు. "నిజం చెప్పనా? నువ్వు ఇంకో వారం ఇంట్లో ఉండాల్సింది."

ఆ మాట తగలాల్సిన చోట తగిలిందో లేదో ఆమెకే తెలియలేదు. కారు తాళాలు తీసుకుని నడిచింది.

*

సొలాంజ్ వ్యుయెర్మో గది మూడో అంతస్తు చివర. బుధవారం పొద్దున ఏడూ పదికి శవాన్ని మొదట చూసిన ఫతీహా అక్కడే వరండా తుడుస్తోంది. సంస్థ డైరెక్టర్ ఎలియెట్ డ్యుమొలార్ తన తాళాల గుత్తి తీసి స్వయంగా తలుపు తెరిచింది. యాభై అయిదేళ్ల మనిషి, పొట్టిగా కత్తిరించిన జుట్టు, మాటలో తొందర ఉన్నా మర్యాద తగ్గలేదు.

"టోమాష్ తిన్నాడా? ఎవరైనా ఏమైనా పెట్టారా వాడికి?" అని అడిగింది ముందు.

"పెట్టారు," అంది ఒడీల్.

నేల మీద శవం పడి ఉన్న చోటు చుట్టూ సుద్దగీత. పక్కన చీటీ అంటించిన ఖాళీ చోటు. అక్కడ సీసపు ఇటుక ఉండేది. ఆ భవనంలో ప్రతి గదిలోనూ ఒకటుంది. కిరణాలు ఆపడానికి కొన్నవి, పాతబడ్డాక తలుపులు ఆపుతున్నాయి. పదకొండు కిలోలు. తల వెనక ఒకే దెబ్బ. ఆరుకీ ఏడుకీ మధ్య ప్రాణం పోయిందని డాక్టరు రాశాడు.

ఒడీల్ సుద్దగీత వైపు ఎక్కువసేపు చూడలేదు. గోడ పొడుగునా ఉన్న నల్లబోర్డు చూసింది. ఒక్క అక్షరం లేదు.

వరండాలో వస్తూ తొమ్మిది గదులు దాటింది. తొమ్మిదింటిలోనూ బోర్డులు కిక్కిరిసి ఉన్నాయి. ప్రతి దాని మూలా పెద్ద అక్షరాలతో 'చెరపవద్దు' అని ఉంది.

"ఫతీహా," గుమ్మంలోంచి పిలిచింది. "ఈ బోర్డు మీరు తుడిచారా?"

"అయ్యబాబోయ్, నేనా?" ఫతీహా కర్ర గోడకి ఆనించింది. "బోర్డు జోలికి వెళ్తే నా ఉద్యోగం ఊడుతుందమ్మా. ఇక్కడ ఒకళ్ల బోర్డు ఇంకొకళ్లు తుడవరు. రెండేళ్ల కిందట ఎవరో కొత్త కుర్రాడు తుడిచేశాడని ఆ నాలుగో గది ఆయన మూడు రోజులు భోజనం మానేశాడు. సొలాంజమ్మ బోర్డయితే వేసవి నుంచీ అలాగే ఉంది. సోమవారం కూడా నిండుగా ఉంది."

"తిబో, రిపోర్టులో బోర్డు గురించి ఏం రాశావు?"

"ఖాళీ బోర్డు గురించి ఏం రాస్తాం?"

ఒడీల్ ఫోన్‌లో లైటు వేసి, బోర్డుకి చెంప ఆనేంత దగ్గరగా నిలబడి, పక్కవాటుగా పట్టింది. తడి స్పాంజితో హడావిడిగా తుడిచిన బోర్డు. నీళ్లు ఆరాక తెల్లటి పొర మిగిలింది. ఆ పొర కింద, సుద్దముక్క గట్టిగా నొక్కి రాసిన చోట్ల, సన్నటి గీతలు. సొలాంజ్ చెయ్యి బలమైనది.

901.6. దాని కింద 884.3. ముందు తీసివేత గుర్తు. కింద అడ్డగీత. గీత కింద మాత్రం అరిగిపోయేలా రుద్దేశారు.

"మదామ్ డ్యుమొలార్, ఈ అంకెలేమిటి?"

డైరెక్టర్ కళ్లజోడు సవరించుకుంది. "మేం కొలిచేది న్యూట్రాన్ ఆయుష్షు. పరమాణువు లోపల ఉన్నంతకాలం దానికి చావు లేదు. బయటికి తీసి ఒంటరిగా వదిలితే సగటున పదిహేను నిమిషాల్లో పోతుంది. సరిగ్గా ఎన్ని సెకన్లకో ప్రపంచంలో ఇంకా తేలలేదు. ఒక పద్ధతిలో కొలిస్తే ఒక జవాబు, ఇంకో పద్ధతిలో ఇంకొకటి. 901.6 మా కొలత."

"అంటే అదే జవాబా?"

"కాదు. మనిషి తనకి కావలసిన జవాబు వైపు తెలియకుండానే మొగ్గుతాడు. అందుకని మేం మాకు మేమే గంతలు కట్టుకుంటాం. త్రాసు కింద ఎవరో దొంగతనంగా ఒక రాయి అతికించారనుకోండి. మీరు తూకం వేస్తూనే ఉంటారు, ఆ రాయి బరువెంతో మీకు తెలీదు. పని అంతా అయ్యాక ఆ బరువు చెబుతారు, తీసేస్తే అసలు తూకం. మాకు ఆ రాయి అతికించింది సొలాంజ్. కొలతలో పాలుపంచుకోని మనిషి కాబట్టి ఆవిడని పెట్టుకున్నాం. ఆ అంకె ఊళ్లో నోటరీ దగ్గర కవరులో సీలు వేసి ఉంది. ఆరేళ్లుగా."

"884.3?"

"అది ఎతియెన్ కుర్బాసియే అంకె. మా సైద్ధాంతిక విభాగం పెద్ద. ఆయనది కొత్త సిద్ధాంతం. దాని ప్రకారం జవాబు ఇంత రావాలని కవరు తెరవకముందే కాగితం బయటపెట్టాడు. మంగళవారం సాయంత్రం అయిదూ నాలుగుకి అందరికీ పంపాడు."

ఒడీల్ వేళ్ల మీద కాకుండా నోట్‌బుక్‌లో తీసివేసింది. 17.3.

"తిబో, సొరుగులో దొరికిందని నువ్వు సంచిలో వేసిన అట్టముక్క మీద ఏముంది?"

రవనెల్ ఫోన్‌లో ఫోటో వెతికాడు. "'రాయి: 17.3 సెకన్లు.'"

డైరెక్టర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఎతియెన్ ఇలా చేస్తాడా?" అంది మెల్లగా.

"దొరికిపోయాడన్నమాట," అంది ఒడీల్. "సొరుగులో రాయి బరువు చూశాడు, మీ కొలతలోంచి తీసేశాడు, వచ్చినదాన్ని తన సిద్ధాంతం అన్నాడు. సొలాంజ్ కాగితం చూడగానే కనిపెట్టింది. ఎవరినో పిలిచి బోర్డు మీద లెక్క వేసి చూపించింది. ఆ లెక్క చెరపడానికే కొళాయి తిప్పారు."

"ఆగాగు." రవనెల్ చెయ్యి అడ్డం పెట్టాడు. "నాకూ తీసివేతలు వచ్చు. వాడి సిద్ధాంతం నిజంగానే కరెక్టయితే? అప్పుడూ తేడా 17.3 రావాల్సిందేగా! నిజం చెప్పినవాడిని దొంగ అంటావా? పైగా కుర్బాసియే అయిదూ నలభైకి బయటపడ్డాడు. ఆరూ పదహారు రైలెక్కి లియోన్‌లో రెండొందల మంది ముందు ఉపన్యాసం ఇచ్చాడు. ఆ రెండొందల మందిలో మా బావమరిది ఒకడు."

మాట న్యాయమైనదే. ఒడీల్ ఒప్పుకుంది. "అయితే కవరు తెరిపిద్దాం."

"కుదరదు!" డైరెక్టర్ గొంతు మొదటిసారి లేచింది. "జనవరిలో, అందరి ముందూ తెరవాలి. నలభై మంది ఆరేళ్ల బతుకు అది. ఇప్పుడు చూస్తే మొత్తం అంటు పడ్డట్టే."

"ఒక మనిషి నాలుగింటికి జైలుకి వెళ్తున్నాడు, మదామ్."

అలా అంటున్నప్పుడు తన గొంతులో జాలి లేదని ఒడీల్‌కి తెలుసు. రైళ్ల వేళలు చదివినట్టు అంది. ప్రాసిక్యూటర్‌కి అక్కడి నుంచే ఫోన్ చేసింది. బోర్డు, అట్టముక్క, మెసేజ్, అన్నీ వరసగా చెప్పింది.

"టోమాష్ తలుపు దగ్గర నీళ్ల చప్పుడు విన్నాడు, అది మెసేజ్‌లోనే ఉంది. దగ్గు కూడా విన్నాడు. మళ్లీ వింటే గుర్తుపడతానంటున్నాడు. అవును, లోపల ఇంకొకరున్నారు. అవును, నాకు నమ్మకమే."

రెండూ నలభైకి ప్రాసిక్యూటర్ గుమాస్తా నోటరీ ఇంటికి బయలుదేరాడు. మూడూ అయిదుకి ఫోన్ మోగింది. ఒడీల్ స్పీకర్ పెట్టింది. నోటరీ బొన్నార్దెల్ ముసలి గొంతు సీలు బాగుందని రెండుసార్లు చెప్పి, తేదీ చదివి, దగ్గి, అప్పుడు చదివాడు.

"'రాయి బరువు 23.1 సెకన్లు. నా గదిలో మరో అంకె ఏదైనా కనిపిస్తే అది ఎర. దాన్ని ఎవరు మింగారో చూడండి. సొలాంజ్ వ్యుయెర్మో.'"

రవనెల్ కుర్చీలో కూలబడ్డాడు. "ముసలిది భలే..." అని, సుద్దగీత గుర్తొచ్చి ఆగిపోయాడు.

కుర్బాసియే సిద్ధాంతం కరెక్టయ్యుంటే 23.1కి సరిపోవాలి. అది సరిపోయింది అబద్ధపు అట్టముక్కకి, దశాంశంతో సహా.

మూడుంబావుకి ప్రాసిక్యూటర్ మాట వచ్చింది. టోమాష్ వ్రాబెల్‌ని వదిలేయండి.

"నేను వెళ్లి తీసుకొస్తాను," అంది డైరెక్టర్, కోటు అందుకుంటూ. "పాపం, ఇక్కడ వాడికి ఎవరున్నారు? స్నానం, వేడి భోజనం కావాలి. మీ పని మీరు చూసుకోండి. ఎతియెన్ కింద రెండో అంతస్తులో ఉంటాడు."

"మంచిది," అంది ఒడీల్.

*

ఎతియెన్ కుర్బాసియే కమలాపండు వలుస్తూ కూర్చున్నాడు. తొక్కలు బల్ల అంచున వరసగా పేర్చాడు. అరవైకి దగ్గరపడ్డ, ఎండిపోయిన మనిషి. అతని బోర్డు మూల కూడా 'చెరపవద్దు' అని ఉంది.

"ఆమెని నేను చంపలేదు. లియోన్‌లో ఉన్నాను," అన్నాడు అడక్కముందే.

"తెలుసు. మీ కాగితం గురించి వచ్చాను."

"దాని గురించి మాట్లాడాలంటే మీరు ముందు ఏడేళ్లు చదువుకోవాలి."

"మరీ ఏడేళ్లా? మా కెప్టెన్‌కి రిటైర్మెంట్ దాటిపోతుంది. ఒక తీసివేత చేస్తే సరిపోదూ?"

గుమ్మం దగ్గర రవనెల్ ముక్కుతో నవ్వాడు. కుర్బాసియే నవ్వలేదు.

"నా సిద్ధాంతానికి పన్నెండేళ్లు పట్టింది, ఇన్‌స్పెక్టర్. న్యూట్రాన్‌లు కొన్ని మనకి కనబడని పదార్థంగా మారిపోతున్నాయని మొదట నేనన్నప్పుడు ఇదే భవనంలో నవ్వారు. కవరు తెరిచిన రోజున ఎవరు నవ్వుతారో చూద్దాం."

"తెరిచాం. ఇరవై నిమిషాలైంది."

కమలాపండు తొన అతని వేళ్ల మధ్య నలిగింది. "ఎంత?"

"23.1."

అతను కళ్లు మూసి తెరిచాడు. లెక్కకి అంతే పట్టింది. "878.5. అది పాత అంకె. నా సిద్ధాంతం అక్కర్లేని అంకె. కాదు, తప్పు చదివారు. మళ్లీ చదివించండి."

"రెండుసార్లు చదివించాం. మీరు 5.8 సెకన్లు తప్పు."

"కుదరదు!" లేచి నిలబడ్డాడు. "ఆ అట్టముక్క మీద రాత సొలాంజ్‌దే, ఆవిడ రాసే ఏడంకె నాకు తెలీదా?"

"ఏ అట్టముక్క?"

తన నోటిలోంచి ఏం వచ్చిందో అతనికి అర్థం కావడానికి తీసివేత కన్నా ఎక్కువసేపు పట్టింది. హత్య గురించి అడిగితే రోజంతా నోరు మెదపకుండా కూర్చోగలిగిన మనిషి. లెక్క తప్పన్నారు, అది మాత్రం ఊరుకోలేకపోయాడు. మెల్లగా కూర్చున్నాడు. తొక్కలన్నీ ఒక కుప్పగా చేశాడు.

"నేను ఆవిడ సొరుగు తెరవలేదు," అన్నాడు.

"మరి చూశారుగా?"

"ఫోటో చూశాను. పది రోజుల కిందట. నేను అడగలేదు, పంపించారు. సిద్ధాంతం, కొలత రెండూ ఒక్కచోట కలిస్తే ఈ సంస్థని ఇంకెవ్వరూ మూసెయ్యలేరని అన్నారు. వచ్చే ఏడాది మమ్మల్ని మూసేస్తారని మీకు తెలుసా? నా సమీకరణాల్లో ఒక గుణకం ఉంది, కాస్త అటూ ఇటూ జరపొచ్చు. జరిపాను. అంతే. దానికోసం మనిషిని చంపుతారని నేను కలలో కూడా..."

"ఎవరు పంపారు?"

అతను ఫోన్ తెరిచి బల్ల మీద పెట్టి ఆమె వైపు తోశాడు. అట్టముక్క ఫోటో. కింద ఒక్క మాట: 'ఇదే.' పైన పంపినవారి పేరు.

ఎలియెట్ డ్యుమొలార్.

రవనెల్ ఆమె భుజం మీదుగా చదివాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ప్రతి గది తాళం ఆవిడ గుత్తిలో ఉంది. సొలాంజ్ కాగితం చూసి పిలిచింది ఆవిడనే. టోమాష్ దగ్గు విన్నాడని, మళ్లీ వింటే గుర్తుపడతాడని, ఆవిడకి మూడడుగుల దూరంలో నిలబడి ఫోన్‌లో చెప్పింది ఒడీల్. ఆ తర్వాత అతన్ని జైలు నుంచి తప్పించింది. తప్పించి, ఎవరికి అప్పగించాలో కూడా ఒప్పుకుంది. మంచిది, అంది.

గడియారం మూడూ యాభై రెండు. ఆమె స్టేషన్‌కి ఫోన్ చేసింది. చేతులు వణకడం లేదు. వణికితే బాగుండునని ఎక్కడో దూరంగా అనిపించింది.

"వ్రాబెల్ ఎక్కడున్నాడు?"

"వెళ్లిపోయాడు మేడమ్, పావుగంటైంది," అన్నాడు డ్యూటీ కానిస్టేబుల్. "డైరెక్టర్ గారొచ్చి కారులో తీసుకెళ్లారు. మంచావిడ. కుర్రాడిని ఒకటే తొందరపెట్టారు, బూట్ల తాళ్లు కూడా కట్టుకోనివ్వలేదు."

"అతని నంబరు చెప్పు. వెంటనే."

"చెప్పినా లాభం లేదు మేడమ్. ఫోన్ ఇక్కడే ఉండిపోయింది, సంచిలో. ఇందాకట్నుంచీ మోగుతూనే ఉంది. వాళ్ల నాన్న అనుకుంటా."